'అమెరికన్ బ్యూటీ' నచ్చింది, గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీలు మాత్రం తలకెక్కడం లేదు. ఎందుకు?

మీ సందేహం నాకు అర్థమైనంతలో ఇది. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1970లో తెచ్చిన 'అమెరికన్ బ్యూటీ' ఆల్బమ్ విన్నారు, పాటలు మనసుకు పట్టాయి. మీ మిత్రుడు "అది కాదు అసలు సరుకు, కచేరీలు వినాలి" అని ఒక రికార్డింగు పంపారు. అందులో ఒక్కో పాట ఇరవై నిమిషాలు సాగింది, గొంతులు శ్రుతి తప్పాయి, ఏ పాట ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఇది ఆ బృందమేనా, ఏది అసలు, ఎక్కడినుంచి మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెబితే: 'అమెరికన్ బ్యూటీ' వరకు మీ అభిప్రాయమే సరైనది. మిగతా స్టూడియో ఆల్బమ్‌లలో చాలావాటి విషయంలో మీ మిత్రుడిదే. ఆ ఆల్బమ్‌లోని పది పాటలను అంత పొందికగా, అంత నిండైన గాత్రంతో ఆ బృందం వేదిక మీద ఏనాడూ పాడలేదు. కానీ ఆ ఒక్క ఆల్బమ్‌నూ, దానికి అయిదు నెలల ముందు వచ్చిన 'వర్కింగ్‌మన్స్ డెడ్'నూ పక్కన పెడితే, వాళ్ల స్టూడియో పని చాలావరకు చిత్తుప్రతి. సాపు ప్రతి కచేరీల్లో దొరుకుతుంది.

నేను వృత్తిరీత్యా సౌండ్ ఇంజినీర్ని. కచేరీ మిక్సింగూ చేశాను, స్టూడియో రికార్డింగూ చేశాను. తొంభైల మొదట్లో కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు ఓక్లండ్‌లో వాళ్లను చూశాను, క్యాసెట్లు మార్చుకునే గుంపుల్లో తిరిగాను. కాబట్టి కొంత అభిమానిగా, కొంత పనివాడిగా చెబుతున్నాను.

ముందు ఒక లెక్క చూడండి. 1965లో పాలో ఆల్టోలో మొదలై, 1995 ఆగస్టులో ప్రధాన గిటారిస్టు, గాయకుడు జెర్రీ గార్సియా మరణంతో ఆగిపోయిన ఈ బృందం ముప్పై ఏళ్లలో 2,300కు పైగా కచేరీలు చేసింది. స్టూడియో ఆల్బమ్‌లు పదమూడు. వాళ్ల జీవితం ఎక్కడ గడిచిందో దీన్నిబట్టే తెలుస్తుంది. మామూలు రాక్ బృందం ఆల్బమ్ తీసి, దాన్ని అమ్ముకోవడానికి ఊరూరా తిరుగుతుంది. వీళ్లకు తిరగడమే పని. మధ్యమధ్య కంపెనీ ఒప్పందం కోసం స్టూడియోలోకి వెళ్లేవారు.

ఇక అసలు కారణం. చాలామంది "కచేరీలో పాట పొడుగు, ఆల్బమ్‌లో పొట్టి" అని తేల్చేస్తారు. తేడా నిడివిలో లేదు, పాట వయసులో ఉంది. వాళ్లు పాటను చాలాసార్లు పుట్టిన కొద్ది నెలలకే స్టూడియోకు తీసుకెళ్లేవారు. వేదిక మీద వందసార్లు వాయిస్తేగాని ఆ పాటలో ఏ మూల ఏముందో వాళ్లకే తెలిసేది కాదు. ఆల్బమ్‌లో మనం వినేది ఆ పాట పసిప్రాయం.

అయితే 'అమెరికన్ బ్యూటీ' ఎలా కుదిరింది? దాని ముందు సంగతి కొంత చెప్పాలి. 1969లో వచ్చిన 'ఆక్సోమోక్సోవా'ను మొదట ఎనిమిది ట్రాకుల మీద (ఒక్కో ట్రాకులో ఒక్కో వాద్యమో గొంతో విడిగా ఉండేలా) రికార్డు చేశారు. అంతలో పదహారు ట్రాకుల యంత్రం కొత్తగా వచ్చింది. చేసినదంతా పక్కన పడేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఖర్చు తడిసి మోపెడై, వార్నర్ బ్రదర్స్ కంపెనీకి లక్షన్నర డాలర్లకు మించి బాకీ పడ్డారు. ఆ దెబ్బతో బుద్ధి వచ్చి, 1970 ఫిబ్రవరిలో 'వర్కింగ్‌మన్స్ డెడ్'ను పట్టుమని రెండు వారాలు కాకుండానే ముగించారు. అప్పటికే క్రాస్బీ, స్టిల్స్ అండ్ నాష్ బృందం సాన్నిహిత్యం వల్ల ముగ్గురు కలిసి గొంతులు పేర్చి పాడటం మీద వీళ్లకు ధ్యాస కలిగింది. ఆ ఊపులోనే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో శాన్ ఫ్రాన్సిస్కోలోని వాలీ హైడర్ స్టూడియోలో, స్టీఫెన్ బార్న్‌కార్డ్ పర్యవేక్షణలో 'అమెరికన్ బ్యూటీ' తయారైంది.

ఆ పాటల బలం మాటల్లో ఉంది. బృందానికి పాటలు రాసే రాబర్ట్ హంటర్ లండన్‌లో ఒక్క మధ్యాహ్నం కూర్చుని 'రిపుల్', 'బ్రోక్‌డౌన్ ప్యాలెస్', 'టు లే మీ డౌన్' మూడూ రాశాడు. వాటిలో మొదటి రెండూ ఈ ఆల్బమ్‌లో ఉన్నాయి. తండ్రి మరణశయ్య మీద ఉన్న రోజుల్లో బేస్ గిటారు వాయించే ఫిల్ లెష్ కట్టిన బాణీకి హంటర్ రాసిన మాటలు 'బాక్స్ ఆఫ్ రెయిన్'. గార్సియా తల్లి కూడా ఆ సెప్టెంబరులోనే పోయింది. మాటకు ప్రాధాన్యం ఉన్న పాటకు స్టూడియో మేలు చేస్తుంది. గొంతుకు దగ్గరగా మైకు, చుట్టూ నిశ్శబ్దం, తృప్తి కలిగేదాకా మళ్లీ పాడుకునే వీలు. 'ఫ్రెండ్ ఆఫ్ ద డెవిల్', 'రిపుల్' పాటల్లో డేవిడ్ గ్రిస్మన్ వాయించిన మాండొలిన్ వినండి. గిటారు తీగలు మీటిన సందుల్లో అది ఎంత సన్నగా దూరుతుందో! ఆ సున్నితం పదివేల మంది ఉన్న హాల్లో నిలవదు. విద్యుత్ గిటార్లు, రెండు డ్రమ్ సెట్లు ఉన్న వేదిక మీద అసలే నిలవదు. అందుకే 'రిపుల్'ను వాళ్లు చాలా అరుదుగా వాయించారు, వాయించినప్పుడు కూడా దాదాపు ఎప్పుడూ 1970, 1980 నాటి అకూస్టిక్ కచేరీల్లోనే. 'ఆటిక్స్ ఆఫ్ మై లైఫ్' అనే పాటయితే మూడు గొంతుల పొందిక తప్ప మరో ఆధారం లేనిది. ఆల్బమ్‌లో అది గుండె పట్టేస్తుంది. కచేరీల్లో ఆ గొంతులు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ ఉంటాయి.

అదే ఆల్బమ్‌లో చివరి పాట 'ట్రకిన్' కథ వేరు. ఆల్బమ్‌లో అయిదు నిమిషాల సరదా పాట. బృందం ఊరూరా పడ్డ పాట్లు, న్యూ ఆర్లీన్స్‌లో పోలీసులు పట్టుకున్న వైనం అందులో ఉంటాయి. 1972 మే 26న లండన్ లైసియం థియేటర్‌లో వాయించినప్పుడు ఆ పాట పదమూడు నిమిషాలు దాటి, విరగకుండా మరో రెండు వాద్యభాగాల్లోకి ప్రవహించి, 'మార్నింగ్ డ్యూ' అనే శోకగీతం దగ్గర తేలింది. 'యూరప్ '72' అనే కచేరీ ఆల్బమ్‌లో అది వినవచ్చు. 'షుగర్ మాగ్నోలియా' ఆల్బమ్‌లో మూడు నిమిషాల చిల్లర. కచేరీల్లో దాని తోకభాగం తలకంటే పెద్దదైంది. 'ఫ్రెండ్ ఆఫ్ ద డెవిల్' మరో దారి పట్టింది. చురుగ్గా పరిగెత్తే పాటను 1976 తర్వాత నడక తగ్గించి, నింపాదిగా, దాదాపు విలంబంలో పాడటం మొదలుపెట్టారు. నాకు ఆల్బమ్‌దే ఇష్టం. నెమ్మదిదే గొప్పదని వాదించేవాళ్లు ఉన్నారు, వాళ్లతో నేను పెట్టుకోను.

ఇప్పుడు పనివాడిగా ఒక మాట. స్టూడియో ఇలాంటి బృందాన్ని ఎందుకు ఇరుకున పెడుతుంది?

మొదటిది యంత్రపరమైనది. ఎల్పీ రికార్డు ఒక పక్క హాయిగా పట్టేది ఇరవై నిమిషాల చిల్లర. అంతకు మించితే గాడులు ఇరుకై శబ్దం స్థాయి తగ్గించాల్సి వస్తుంది, ముందు దెబ్బతినేది బేస్. కాబట్టి పాటలు కురచ కావడం కొంత తప్పనిసరి.

రెండోదే ముఖ్యం. స్టూడియోలో పాటను ముక్కలుగా కడతారు. ముందు డ్రమ్స్, బేస్. వాటి మీద గిటారు, ఆ తర్వాత గొంతు. చివర్లో గిటారు సోలో వాయించే మనిషి చెవుల్లో ఉన్నది అప్పటికే అచ్చయిపోయిన వాద్యం. అతను ఏ కొత్త దారి పట్టినా టేపులోని డ్రమ్మరు వెంట రాడు, బేస్ వాయించేవాడు ఉలిక్కిపడి స్వరం మార్చడు. అప్పటికప్పుడు కల్పించి వాయించే సంగీతానికి ప్రాణమంతా ఆ ఎదుటివాడి స్పందనలోనే ఉంది. హైదరాబాద్‌లో ఒక ఫ్యూజన్ బృందాన్ని రికార్డు చేసినప్పుడు ఇదే జరిగింది. రిహార్సల్ గదిలో నిప్పులు చెరిగినవాళ్లు, విడివిడిగా గాజు గదుల్లో కూర్చోబెట్టగానే గుమాస్తాల్లా వాయించారు. అందరినీ ఒకే గదిలోకి తెచ్చి, గిటారు శబ్దం డ్రమ్స్ మైకుల్లోకి కారితే కారనీ అని వదిలేశాను. మిక్సింగులో నడుం విరిగింది, పాట మాత్రం బతికింది.

గ్రేట్‌ఫుల్ డెడ్‌లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. లెష్ మామూలు బేస్ వాద్యకారుడిలా ఆధారస్వరం పట్టుకుని కూర్చునేవాడు కాదు. గార్సియా గిటారుకు ఎదురుమాట చెబుతున్నట్టు బేస్ మీద ఇంకో రాగం నడిపేవాడు. బాబ్ వియర్ రిథమ్ గిటారు అనిపించుకున్నా, తాళం వేయడం కంటే సందులు పూరించడమే ఎక్కువ. 1967లో మికీ హార్ట్ చేరాక బిల్ క్రూట్జ్‌మన్‌తో కలిసి ఇద్దరు డ్రమ్మర్లు. ఇంతమంది ఒకరి మాట ఒకరు వింటూ వాయిస్తే అద్భుతం. విడివిడిగా వాయించి అతికిస్తే రద్దీ.

మనవాళ్లకు దీన్ని ఒక్క ముక్కలో చెప్పవచ్చు. పాతకాలం గ్రామఫోను ప్లేటు మీద మూడు నిమిషాల్లో పాడిన కీర్తనకూ, అదే విద్వాంసుడు సభలో ఆలాపన, నెరవు, స్వరకల్పనలతో గంటసేపు పాడిన కీర్తనకూ ఉన్న తేడా ఇది. ప్లేటులో సాహిత్యం, స్వరస్థానాలు శుభ్రంగా ఉంటాయి. మనోధర్మానికి చోటు ఉండదు.

ఈ పోలిక ఊరికే తెచ్చింది కాదు, ఆ బృందానికి మన సంగీతంతో నిజంగానే చుట్టరికం ఉంది. హార్ట్ అరవైల చివర్లోనే తబలా ఉస్తాద్ అల్లారఖా దగ్గర లయ నేర్చుకున్నాడు. దాని ఫలితం బృందంలో వెంటనే కనిపించింది. పదకొండు మాత్రల్లో నడిచే వాళ్ల పాట పేరే 'ది ఎలెవెన్'. 'ప్లేయింగ్ ఇన్ ద బ్యాండ్' పది మాత్రలది. కాలిఫోర్నియాలోని అలీ అక్బర్ సంగీత కళాశాల నుంచి పుట్టిన డీగా రిథమ్ బ్యాండ్‌లో జాకిర్ హుస్సేన్, హార్ట్ కలిసి వాయించారు. 1976లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో గార్సియా గిటారు వాయించిన ఒక లయవాద్యపు ముక్కే తర్వాత 'ఫైర్ ఆన్ ద మౌంటెన్' అనే పాటయింది. ఆ పాట సంగతి కింద మళ్లీ వస్తుంది.

ఇక రెండు ఉదాహరణలు దగ్గరగా చూద్దాం.

'డార్క్ స్టార్'. 1968లో సింగిల్‌గా విడుదలైంది, మూడు నిమిషాలు కూడా లేదు. వింటే ఏదో కలవరింతలా ఉంటుంది, ఎవరికీ పట్టలేదు, అమ్ముడూ పోలేదు. మరుసటి ఏడు ఫిబ్రవరి 27న శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ వెస్ట్‌లో వాయించినది 23 నిమిషాలు. 'లైవ్/డెడ్' ఆల్బమ్‌లో ఎల్పీ మొదటి పక్క మొత్తం అదే ఆక్రమించింది. పదహారు ట్రాకుల మీద కచేరీని రికార్డు చేసి విడుదల చేసిన తొలి రాక్ ఆల్బమ్ అది. 'ఆక్సోమోక్సోవా' వాళ్లను అప్పుల్లో ముంచిన ఆ యంత్రమే ఇక్కడ వాళ్ల పరువు నిలబెట్టింది, అదీ తక్కువ ఖర్చులో.

ఆ 23 నిమిషాల్లో పాట అని చెప్పదగ్గది రెండు చిన్న చరణాలే. మిగతాది నడక. మొదటి చరణం రావడానికే అయిదారు నిమిషాలు పడుతుంది. మీకు ఏది ఎక్కడ మొదలైందో తెలియకపోయింది ఇలాంటి చోటే అయి ఉండాలి. ఒక చిట్కా చెబుతాను: గార్సియా గిటారును వెంటాడటం మానేసి, ఒకసారి మొత్తం లెష్ బేస్‌నే వినండి. పాట ఎటు తిరగబోతోందో చాలాచోట్ల ముందు అతనే సూచిస్తాడు. గిటారు దాన్ని కాసేపు పట్టించుకోదు, తర్వాత ఒప్పుకుంటుంది. ఒక్కోసారి ఒప్పుకోదు, అప్పుడు బేసే వెనక్కి తగ్గుతుంది. ఈ లాగులాటను ఏ స్టూడియో ట్రాకూ ఇవ్వలేదు.

'స్కార్లెట్ బిగోనియాస్', దాని వెంట 'ఫైర్ ఆన్ ద మౌంటెన్'. మొదటిది 1974 నాటి 'ఫ్రమ్ ద మార్స్ హోటల్' ఆల్బమ్‌లో నాలుగు నిమిషాల పైచిలుకు పాట. ముచ్చటగా ఉంటుంది, ముగింపులో మెల్లగా మాయమవుతుంది. రెండోది 1978 చివర్లో 'షేక్‌డౌన్ స్ట్రీట్'లో నాలుగు నిమిషాల లోపు. విడివిడిగా వింటే వీటికోసం ప్రాణం పెట్టేవాళ్లు ఎందుకున్నారో అంతు చిక్కదు.

ఇప్పుడు 1977 మే 8న న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాల్‌లో వాయించినది వినండి. రెండూ కలిసి 25 నిమిషాలకు పైనే. అప్పటికి రెండో పాట ఇంకా ఆల్బమ్‌లో రానేలేదు. ఆ రెండింటినీ అతికించి వాయించడం మొదలుపెట్టింది కూడా అదే ఏడు మార్చిలో. 'స్కార్లెట్' చరణాలు అయిపోతాయి. సామాన్య బృందమైతే అక్కడ ముగిస్తుంది. వీళ్లు ముగించరు. డ్రమ్స్ కాస్త పలచబడతాయి. గార్సియా ఒక చిన్న స్వరాల ముక్కను పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటాడు. బృందంలోని గాయని డోనా జీన్ గాడ్‌షా గొంతు మాటల్లేకుండా పైన తేలుతుంది. ఇంతలో బేస్ తెలియకుండానే కొత్త పాట ఎత్తుగడలోకి జారిపోతుంది. ఏ క్షణంలో జారిందో ఎన్నిసార్లు విన్నా ఖాయంగా చెప్పలేను. తర్వాత పావుగంట సేపు ఆధారం రెండే రెండు కార్డ్‌లు. గార్సియా గిటారుకు ఎన్వెలప్ ఫిల్టర్ తగిలించి ఉంటుంది. తీగను మెల్లగా మీటితే ముద్దగా, గట్టిగా మీటితే నోరు తెరిచినట్టు పలుకుతుంది. సోలో నుంచి సోలోకు ఆ నోరు ఎంతెంత తెరుస్తున్నాడో గమనించండి, అక్కడే కథంతా ఉంది.

ఈ రికార్డింగు బెట్టీ కాంటర్-జాక్సన్ చేసినది. ఆమె కచేరీ హాలు మిక్సును అలాగే టేపు మీదికి ఎక్కించకుండా, టేపు కోసం విడిగా మిక్సు చేసుకునేది. ఆ శుభ్రత వేరు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం తన జాతీయ రికార్డింగుల పట్టికలో దీన్ని చేర్చింది. అధికారికంగా విడుదలైంది 2017లో, నలభై ఏళ్లకు. అంతవరకు చేతులు మారిన టేపులే దిక్కు. మేము వాడిన తొంభై నిమిషాల మాక్సెల్ క్యాసెట్‌లో ఒక పక్క 45 నిమిషాలు. సరిగ్గా పాట పాకాన పడే వేళకు టేపు తిరగెయ్యాల్సి వచ్చేది. అట్టముక్క మీద తేదీ, ఊరు, హాలు పేరు, పాటల వరుస చీమ అక్షరాల్లో రాసుకునేవాళ్లం. ఆ వరుసలో రెండు పాటల మధ్య బాణం గుర్తు ఉంటే, ఆపకుండా ఒకదాంట్లోంచి మరొకదాంట్లోకి వెళ్లారని అర్థం. మీరు కూడా పాటల వరుస ఎదురుగా పెట్టుకుని వినండి. దారి తప్పారన్న ఇబ్బంది సగం అక్కడే తీరుతుంది.

ఇంకొక సంగతి. 1978 నుంచి వాళ్ల కచేరీకి దాదాపు స్థిరమైన చట్రం ఉంది. మొదటి భాగంలో చిన్న చిన్న పాటలు, విరామం, రెండో భాగంలో ఒకదానికొకటి ముడిపడ్డ పెద్ద పాటలు. ఆ రెండో భాగం నడుమ డ్రమ్మర్లిద్దరే వాయించే ఘట్టం, దాని వెంట తాళం, శ్రుతి రెండూ వదిలేసి శబ్దాలతో ఆడుకునే 'స్పేస్' అనే ఘట్టం. కొత్తవాళ్లు ఎక్కువగా పారిపోయేది ఇక్కడే. మొదట్లో ఆ రెండూ దాటేయండి, ఏ పాపమూ అంటదు. ఓక్లండ్‌లో కూడా ఆ సమయానికి సగం హాలు నీళ్లకూ, మూత్రశాలకూ లేచి వెళ్లేది.

గొంతుల గురించి మీ ఫిర్యాదు న్యాయమైనదే. వీళ్లు ఏనాడూ గొప్ప గాయకులు కారు. వేదిక మీద తమ గొంతు తమకు వినిపించే ఏర్పాట్లు ఆ రోజుల్లో అంతంతమాత్రం. మూడు గంటల కచేరీలో శ్రుతి జారడం సహజం. 1986లో గార్సియా మధుమేహంతో కోమాలోకి వెళ్లి బతికి బయటపడ్డాక గొంతు మరీ బొంగురుపోయింది. శ్రుతిశుద్ధి మీకు మొదటి కొలబద్ద అయితే 1972, 1977 దాటి ఇప్పుడే రావద్దు.

అభిమానులు ఒప్పుకోవడానికి ఇష్టపడని మరో నిజం: కచేరీ ఆల్బమ్‌లన్నీ పచ్చి కచేరీలు కావు. 'యూరప్ '72'లో వాద్యాలు కచేరీవే గాని, గొంతులు చాలావరకు తర్వాత స్టూడియోలో తిరిగి పాడినవి. చప్పట్లు కూడా చాలాచోట్ల తీసేశారు. మీలాంటివారికి అదే మంచి వంతెన, ఎందుకంటే అందులో 'అమెరికన్ బ్యూటీ' నాటి గాత్రశ్రద్ధ, కచేరీ వాద్యం రెండూ ఉన్నాయి. 1968 నాటి 'ఆంథెమ్ ఆఫ్ ద సన్' ఇంకా విచిత్రం. కచేరీ టేపులనూ స్టూడియో టేపులనూ ఒకదాని మీద ఒకటి పేర్చి చేశారు. ఆ పని మధ్యలో నిర్మాత డేవ్ హాసింజర్ విసిగి తప్పుకున్నాడు. అతన్ని నేను తప్పు పట్టను.

స్టూడియోదే పైచేయి అయిన పాటలు 'అమెరికన్ బ్యూటీ' బయట కూడా ఉన్నాయి. 1977 నాటి 'టెరాపిన్ స్టేషన్' శీర్షిక గీతం ఆల్బమ్‌లో ఒక పక్క మొత్తం. నిర్మాత కీత్ ఓల్సన్ దానికి లండన్‌లో పాల్ బక్‌మాస్టర్ చేత తీగవాద్యాల బృందం, బృందగానం చేర్పించాడు. అలంకారం ఎక్కువైందని గొణిగేవాళ్లు ఉన్నారు, హార్ట్ తాళవాద్యాల స్థానంలో తీగలు పెట్టారని అతనికే మంట. కానీ ఆ గీతం చివరి భాగాలు కచేరీల్లో మామూలుగా వినిపించవు, మొత్తం కథ ఆల్బమ్‌లోనే ఉంది. 'మార్స్ హోటల్'లోని 'అన్‌బ్రోకెన్ చెయిన్' అయితే 1974 నుంచి 1995 మార్చి 19 దాకా వేదిక ఎక్కనే లేదు. ఆ రోజు ఫిలడెల్ఫియాలో లెష్ అది ఎత్తుకోగానే జనం పెట్టిన కేకలు రికార్డింగులో వినవచ్చు. వాయించిన తీరు మాత్రం ఆల్బమ్‌కు దరిదాపుల్లో లేదు.

పాట వయసు గురించి నేను పైన చెప్పినదానికి గట్టి సాక్ష్యం 1987 నాటి 'ఇన్ ద డార్క్'. 'టచ్ ఆఫ్ గ్రే'తో సహా అందులోని చాలా పాటలను వాళ్లు నాలుగైదేళ్లుగా కచేరీల్లో వాయిస్తున్నారు. అవి బాగా ముదిరాక, స్టూడియోకు పోకుండా, శాన్ రఫేల్‌లోని ఒక ఆడిటోరియం అద్దెకు తీసుకుని, ఖాళీ కుర్చీల ముందు వేదిక మీదే కచేరీలా నిలబడి మూలవాద్యాలు రికార్డు చేశారు. ఫలితం? 'టచ్ ఆఫ్ గ్రే' బిల్‌బోర్డ్ పట్టికలో తొమ్మిదో స్థానానికి వెళ్లింది. వాళ్ల చరిత్రలో మొదటి పదిలో చేరిన పాట అదొక్కటే. ఇరవై ఏళ్ల తర్వాత ఈ ఉపాయం తట్టడం వాళ్లకే చెల్లింది.

ఇది ఈ ఒక్క బృందం జబ్బూ కాదు. ఆల్‌మన్ బ్రదర్స్ అనే మరో అమెరికన్ రాక్ బృందం పాట 'విప్పింగ్ పోస్ట్' 1969 ఆల్బమ్‌లో అయిదు నిమిషాలు, 1971లో 'ఎట్ ఫిల్మోర్ ఈస్ట్'లో 23 నిమిషాలు. ఇంతటి తేడా ఉన్నా అక్కడ దారి తప్పినట్టు అనిపించదు, ఎందుకంటే వాళ్ల వాద్యం బ్లూస్ పునాది మీద కదలకుండా నిలబడుతుంది. డెడ్ సంగీతం మీకు మరీ వదులుగా అనిపిస్తే ముందు ఆ రికార్డు వినిరండి. 

రికార్డింగు రకం కూడా చూసుకోండి. మిక్సింగ్ బల్ల (హాల్లో అన్ని మైకుల శబ్దాలనూ కలిపే యంత్రం) నుంచి నేరుగా తీసినదానిలో గొంతు ముందుకు, వాద్యాలు వెనక్కి ఉండవచ్చు. చిన్న హాళ్లలో గిటారు ఆంప్లిఫయర్ శబ్దమే హాలంతా నిండేది గనుక దాన్ని బల్ల మీద తగ్గించి ఉంచేవారు, టేపులో ఆ తగ్గింపే మిగిలింది. శ్రుతి తప్పిన గొంతు అలాంటి టేపులో మరీ నగ్నంగా వినిపిస్తుంది. ప్రేక్షకుల్లో కూర్చుని తీసిన టేపుల్లో హాలు ప్రతిధ్వని, పక్కవాడి కబుర్లు ఉంటాయి, కాని వాద్యాల బరువు సరిగ్గా తెలుస్తుంది. 1984 నుంచి బృందమే టేపులు తీసేవాళ్లకు మిక్సింగ్ బల్ల వెనక ప్రత్యేకంగా చోటు కేటాయించింది. పొడుగాటి కర్రలకు కట్టిన మైకులు అక్కడ వెదురుపొదలా లేచి ఉండేవి. వాళ్ల ముందు నిలబడి గట్టిగా మాట్లాడితే చూపులతోనే చంపేసేవారు.

మీకు నేను చెప్పే వరుస ఇది. ముందు 'యూరప్ '72' నుంచి 'చైనా క్యాట్ సన్‌ఫ్లవర్', దాని వెంట వచ్చే 'ఐ నో యూ రైడర్'. తర్వాత అందులోనే పైన చెప్పిన 'ట్రకిన్' నుంచి 'మార్నింగ్ డ్యూ' దాకా, ఆపకుండా. ఇది మీకు తెలిసిన పాటతో మొదలవుతుంది కాబట్టి చేయి పట్టుకుని నడిపిస్తుంది. ఆ తర్వాత కోర్నెల్ రెండో భాగం. 'లైవ్/డెడ్' నాలుగోది, అంతకు ముందు వద్దు. అది కూడా దిగితే, 1972 ఆగస్టు 27న ఓరెగన్‌లోని వెనీటాలో మండుటెండలో వాయించిన అరగంట 'డార్క్ స్టార్' ఉంది, 2013లో 'సన్‌షైన్ డేడ్రీమ్' పేరుతో విడుదలైంది. 'ప్లేయింగ్ ఇన్ ద బ్యాండ్' 46 నిమిషాలు సాగిన 1974 సియాటిల్ కచేరీ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.

మీ మిత్రుడు పంపిన రికార్డింగు ఏ తేదీదో, బల్ల నుంచి తీసినదో జనంలోంచి తీసినదో రాస్తే ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను. 1994, 95 నాటిదయితే ఆలోచించకుండా పక్కన పెట్టేయండి. గార్సియా ఆరోగ్యం అప్పటికి బాగా చెడింది, అతని వేళ్లు తన పాటలనే మరచిపోతున్న రోజులవి. మీ మిత్రుడికి అవంటే ఎందుకిష్టమో ఆయన్నే అడగండి, బహుశా ఆయన ఆ హాల్లో ఉండి ఉంటారు.